గుండె దగ్గర, మణికట్టు దగ్గర

నవంబరు 3, సోమవారం

ఈ పుస్తకం ముందువైపు బంగాళాదుంపల బస్తాలు, గడ్డి మోపులు, చలికాలానికి పెట్టిన ఊరగాయ జాడీలు ఉన్నాయి. అవి అక్కడే ఉండనీ. తిప్పి వెనకవైపు నుంచి రాస్తున్నాను.

ఉదయం 9:10కి మా ఆయన్ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. 12:35కి సర్జన్ బయటికి వచ్చాడు. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో ఉన్న నీటితిత్తిని పగలకుండా తీశామన్నాడు. సీసాలో చూపించాడు. పెంకు ఒలిచిన ఉడికిన గుడ్డులా తెల్లగా ఉంది, పిడికిలి కంటే కొంచెం పెద్దది. కుక్కల నుంచి వచ్చే పురుగట. "మీ కొండల వాళ్ళకి మేం బాగా అలవాటైపోయాం" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కళ్ళు తెరిచాడు. మొదటి మాట: "కుక్కనేమీ అనకు."

నవంబరు 4, మంగళవారం

రొమ్ములోని గొట్టంలో వచ్చిన నీరు 310 మి.లీ. దగ్గమన్నారు. కుట్లు లాగకుండా చిన్న దిండు ఒకటి ఇచ్చి, దాన్ని రొమ్ముకి అదుముకుని దగ్గాలన్నారు. ఏడుసార్లు దగ్గాడు.

బావగారు ఊరి నుంచి ఫోన్ చేశారు. ఆయనది కొండ అవతలికి వినిపించే గొంతు. నేను ఫోన్ మా ఆయన చెవి దగ్గర పెట్టినా వార్డంతా విన్నది. "ఒరేయ్, సగం ఊపిరితిత్తి పోతే పోయిందిలే. నువ్వు మాట్లాడ్డానికి ఎప్పుడూ సగమే వాడావు!" మా ఆయన నవ్వు ఆపుకోలేక దిండు పట్టుకుని "కుట్లు తెగుతాయి అన్నయ్యా, పెట్టెయ్" అని తిట్టాడు. "నీ బూడిదరంగు గుర్రం నా దగ్గర బాగా తింటోంది. ఇక తిరిగివ్వను, వేరేది చూసుకో" అని పెట్టేశారు.

సూప్ అర గిన్నె తాగాడు. తాగాక రెండు అరచేతులూ తెరిచి ముఖం మీదుగా దించి ఆమీన్ అన్నాడు. కుడిచెయ్యి మాత్రమే పూర్తిగా లేచింది.

నవంబరు 5, బుధవారం

పొద్దున పదింటికి టీ తాగుతూ కప్పు కింద పెట్టేశాడు. ముఖం బూడిద రంగుకి తిరిగింది.

"ఏమైంది?"

"లోపల ఎవరో గుర్రాన్ని మార్చేశారు" అన్నాడు. "నాది జోర్గో, ఊగకుండా నడిచే గుర్రం. మంచి జోర్గో మీద కూర్చుంటే చేతిలో టీ తొణకదు. ఇది మూడు కాళ్ళది. ఎప్పుడు ఏ కాలు వేస్తుందో దానికే తెలియదు."

నర్సు వచ్చి చూసి పరుగెత్తింది. నాడి 148. గుండె డాక్టర్ గలీనా మత్వేవ్నా వచ్చింది. అరవై దాటిన మనిషి. బూట్ల చప్పుడు ముందు వస్తుంది, తర్వాత ఆమె వస్తుంది. కాగితం మీద గీతలు తీయించి చూసింది. గుండె పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయట.

"ఆపరేషన్ ఊపిరితిత్తికి కదా, గుండెకేమయింది?" అని అడిగాను.

"పక్కింట్లో గోడ పగలగొడితే నీ ఇంట్లో సున్నం రాలదా? రాలుతుంది. రొమ్ము కోసిన వాళ్ళలో చాలామందికి రెండో రోజో, మూడో రోజో వస్తుంది. ఎక్కువమందికి దానంతటదే పోతుంది."

"పోకపోతే?"

"అందుకే ఈ సీసా ఎక్కిస్తున్నాను. గుండె వణుకుతూ కూర్చుంటే మూలల్లో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ తలకి పోతే పక్షవాతం. రక్తం పలచబడడానికి సూది కూడా ఇస్తాం. చిక్కటి టీ వద్దు. ఎండు ఆప్రికాట్లు పెట్టు, వాటిలో గుండెకి కావలసిన ఉప్పు ఉంది."

పక్కమంచం అబ్దిల్లా తాత దక్షిణాన ఉన్న ఓష్ నుంచి వచ్చినాయన. దిండు కింద నుంచి ఎండు ఆప్రికాట్ల సంచి తీశాడు. "చూశావా మురాతలీ, డాక్టరమ్మ కూడా మా దక్షిణాదికే ఓటేసింది. మీ ఉత్తరాది వాళ్ళ మాంసం ఏ రోగానికీ మందు కాదు."

"తాతా, ఆ మాంసం లేకనే కదా నువ్వు పిట్టలా ఉన్నావు" అన్నాడు ఆయన. ఆ మాట అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకున్నాడు.

నవంబరు 6, గురువారం

గలీనా మత్వేవ్నా నాకు లెక్కపెట్టడం నేర్పింది. వినే గొట్టం చెవికి పెట్టుకుని గుండె దగ్గర ఒక నిమిషం. అదే నిమిషం నర్సు మణికట్టు దగ్గర. సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయకూడదు. లయ తప్పిన దానికి ఆ లెక్క పనికిరాదు. పూర్తి నిమిషం.

గుండె 126. మణికట్టు 102.

తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూశాం. 124, 101. నర్సు వెళ్ళాక నేను ఒక్కదాన్నే ఒకదాని తర్వాత ఒకటి చూశాను. అంతే తేడా. ఇరవై నాలుగు ఎక్కడికి పోయాయి? ఇంట్లో జాడీ ఒకటి తగ్గితే నాకు అన్నం సహించదు.

డాక్టరమ్మని అడిగాను. "కొన్నిసార్లు గుండె నిండకముందే పిడికిలి బిగిస్తుంది. పంపడానికి లోపల ఏమీ ఉండదు. నువ్వు బావిలోంచి ఖాళీ చేద లాగినా గిలక చప్పుడు చేస్తుంది కదా. గుండె దగ్గర వినిపించేది గిలక. మణికట్టు దాకా వచ్చేది నీళ్ళు. రెండు వరుసలూ ఒకటైన రోజు నాకు చెప్పు."

పుస్తకంలో రెండు వరుసలు గీశాను.

నవంబరు 7, శుక్రవారం

బావగారు పోయారు.

ఉదయం ఏడున్నరకి, పశువులకి గడ్డి వేస్తూ. పడ్డాక మాట్లాడలేదట. ఆయన వయసు అరవై ఏడు. ఆయన పేరు ఇరవై తొమ్మిదేళ్ళుగా నా నోట రాలేదు. కోడలి నోట రాకూడదు. ఇక్కడా రాయను.

ఆడపడుచు ఉల్జాన్ ఆస్పత్రి మెట్ల దగ్గరికి వచ్చి చెప్పింది. ఈ ఊళ్ళో నేను ఉండేది ఆమె ఫ్లాట్లోనే. ముఖం చూడగానే అర్థమైంది. ఊళ్ళో పెద్దలు ఫోన్‌లో ఆమెకి ఒకటే మాట చెప్పారట: జబ్బు మనిషి చెవిన వెయ్యకండి, లేచి కూర్చున్నాక మేమే వచ్చి వినిపిస్తాం. మాలో చావు కబురు ఎవరు పడితే వాళ్ళు, ఎక్కడ పడితే అక్కడ చెప్పరు. పెద్దలు నలుగురు కూడి, మాటని చుట్టి చెబుతారు.

"వదినా, నువ్వు దాచగలవా?" అంది.

"గుండె కుదురుకునే దాకా దాస్తాను. డాక్టర్ కూడా చెప్పింది, కంగారు పెట్టే మాటలు వద్దని."

ఉల్జాన్ ఊరికి బయలుదేరింది. అక్కడ నా తోటికోడలు గోడకి ముఖం పెట్టి కూర్చుని శోకాలు పెడుతూ ఉంటుంది. ఆమె పక్కన నేను ఉండాలి. నేను వార్డుకి వెళ్ళి ఆయన కప్పు కడిగాను. శుభ్రంగా ఉన్న కప్పే.

సాయంత్రం: గుండె 118, మణికట్టు 104.

నవంబరు 8, శనివారం

ఆయన ఫోన్‌ నా సంచిలో ఉంది. ఛార్జర్ పాడైందని చెప్పాను.

114, 101.

నవంబరు 9, ఆదివారం

ఈ రోజు మధ్యాహ్నం మట్టిచేశారు. దోలోన్ కనుమ మీద మంచు పడుతున్నా జనం చాలామంది వచ్చారట.

ఇక్కడ పొద్దున 8:20కి రెండు వరుసలూ ఒకటయ్యాయి. 84, 84. మూడుసార్లు చూశాను. గలీనా మత్వేవ్నా నా భుజం మీద కొట్టి, "ఊళ్ళో గుర్రాలు దిద్దుకునేవాడు తన గుర్రాన్నీ దిద్దుకున్నాడు" అంది.

గుండె కుదురుకున్నాక చెబుదామన్నాను. కుదురుకుంది. కానీ మూడు రోజులు నిలబడాలి కదా. నిలబడితే అప్పుడు చూద్దాం.

"అన్నయ్య ఫోన్ చెయ్యలేదా?" అని అడిగాడు.

"పశువుల్ని చలికాలపు మేతకి తోలుకెళ్ళారట. అక్కడ సిగ్నల్ ఉండదు."

"ఇంత తొందరగానా?"

"మంచు తొందరగా పడిందిగా."

"ఉల్జాన్ ఏది? మూడు రోజులైంది."

"జలుబు. మీకు అంటుతుందని రావటం లేదు."

అబ్దిల్లా తాత ఆప్రికాట్ నములుతూ నా వైపు చూశాడు.

నవంబరు 10, సోమవారం

గొట్టం తీసేశారు. వరండా ఆ చివరి దాకా నడిచాడు, 46 అడుగులు. 82, 82.

నవంబరు 11, మంగళవారం

80, 80. "బూడిదరంగు దానికి డెక్కలు అరిగి ఉంటాయి. అన్నయ్యకి చెప్పు, మేకులు చిన్నవి వాడమని." చెబుతానన్నాను.

నవంబరు 12, బుధవారం

80, 80. మూడు రోజులు నిలబడింది. ఇప్పుడు చెప్పి చెడగొట్టడం తెలివైన పని కాదు. ఇంటికి పంపే రోజు దాకా ఉండనీ. డాక్టర్ చెప్పిందని అందరికీ చెప్పాను గానీ, నేను డాక్టర్‌ని అడగలేదు. అడగాల్సిన అవసరం కనిపించలేదు.

ఉల్జాన్ ఊరి నుంచి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. జలుబని చెప్పడానికి సరిపోతుంది.

నవంబరు 13, గురువారం

ఏడో రోజు.

పొద్దున ఉల్జాన్ వంటింట్లో ఏడు రొట్టెలు నూనెలో వేయించాం. పోయినవాళ్ళకి అందేది వాసన ఒక్కటే. గురువారాలూ, ఏడో రోజూ అది మానకూడదు. శ్మశానానికి వెళ్ళలేదు, శోకాలు పెట్టలేదు, ఇదొక్కటైనా సరిగా చెయ్యాలనుకున్నాను. పిండి కొలిచి కలిపాను. ఏడూ ఒకే సైజు వచ్చాయి. ఉల్జాన్ నాలుగు ముక్కలు ఖురాన్ చదివింది. రొట్టెలు మెట్ల పొడుగునా ఉన్న ఇళ్ళలో పంచేశాం. ఒక్కటి కూడా మిగల్చలేదు, ఆస్పత్రికి పొరపాటున తీసుకెళ్తానేమోనని.

తర్వాత కిటికీలన్నీ తెరిచాను. జాకెట్టు, పావడా మార్చాను. చేతులు వెనిగర్‌తో రెండుసార్లు కడిగాను. ఉల్జాన్ మొగుడి కొలోన్ రాసుకున్నాను. తలగుడ్డ కూడా మార్చాను. జుట్టు కడుక్కోవడానికి టైం లేదు. గుడ్డ కింద ఎవరికి తెలుస్తుంది?

వార్డులోకి అడుగుపెట్టగానే అబ్దిల్లా తాత, "ఏం తల్లీ, మంగలి షాపుకి వెళ్ళొచ్చావా?" అన్నాడు. నవ్వేశాను. మా ఆయన దిండు సర్దడానికి వంగాను. ఆయన నా తలగుడ్డ దగ్గర ముఖం పెట్టి కొంచెంసేపు అలాగే ఉండిపోయాడు. నొప్పి వచ్చిందేమో అనుకున్నాను.

"ఈ రోజు ఏం వారం?" అన్నాడు.

"గురువారం."

ఇంకేమీ అడగలేదు. సూప్ వద్దన్నాడు. కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. ఏమీ తినకుండానే రెండు అరచేతులూ ముఖం మీదుగా దించాడు. చెమట పట్టి ఉంటుంది. గది వేడిగా ఉంది.

నీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి అబ్దిల్లా తాత మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

సాయంత్రం: గుండె 131, మణికట్టు 108. మళ్ళీ వచ్చింది. మళ్ళీ సీసా, మళ్ళీ సూది. గలీనా మత్వేవ్నా, "మొదటి వారాల్లో పోయి వస్తూ ఉంటుంది, భయపడకు" అంది.

చెప్పకపోవడం ఎంత మంచిదైందో. ఊరికే ఉన్న మనిషికే ఇలా అయితే, చెప్పి ఉంటే ఏమయ్యేది?

నవంబరు 14, శుక్రవారం

122, 103. అన్నయ్య గురించి అడగలేదు. గుర్రం గురించీ అడగలేదు. మందు మత్తులో మరిచిపోయాడు. మంచిదే.

నవంబరు 15, శనివారం

అబ్దిల్లా తాతని ఇంటికి పంపించేశారు. మిగిలిన ఆప్రికాట్లు నా చేతిలో పెట్టి, వరండా చివరికి నడిపించుకుని వెళ్ళాడు.

"తల్లీ, నీ ఇంటి సంగతి నాకెందుకు గానీ, చెప్పకుండా పోతే నా చుట్టూ తిరుగుతుంది. గురువారం నువ్వు నీళ్ళకి వెళ్ళినప్పుడు మీ ఆయన నన్ను పిలిచాడు. 'తాతా, నాకు చెయ్యి సరిగా లేవదు, మా అన్నయ్య కోసం నువ్వు చదువు' అన్నాడు. చదివాను."

ఆప్రికాట్ల సంచి మూతి బిగించి కట్టాను.

"ఓష్‌లోనూ అవే రొట్టెలు నూనెలో వేయిస్తారు తల్లీ. వాసన పైవాళ్ళ దాకా పోతుందని నమ్మినదానివి, పక్కమంచం దాకా రాదనుకున్నావా?"

ఆయనకి కారు దాకా సంచి మోశాను. తిరిగి వస్తూ మెట్ల మీద కూర్చున్నాను. ఎంతసేపో చూసుకోలేదు.

తర్వాత గలీనా మత్వేవ్నా గదికి వెళ్ళి అంతా చెప్పాను. మీరు కంగారు పెట్టొద్దన్నారని అందరికీ చెప్పానని, మిమ్మల్ని అసలు అడగలేదని కూడా చెప్పాను. గురువారం లయ తప్పింది నా వల్లేనా అని అడిగాను.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. "కావచ్చు. కాకపోవచ్చు. ఏమీ లేకుండానే మళ్ళీ తప్పినవాళ్ళు ఈ వార్డులోనే ఇద్దరున్నారు. దుఃఖాన్ని గీతగా గీసే మిషన్ నా దగ్గర లేదు. కానీ నన్ను అడిగి ఉంటే, సిరంజి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని, నువ్వు చెప్పేదానివి. ఒంటరిగా తెలుసుకోవడం గుండెకేం మంచిది, కాలియా?"

రాత్రి వరుసల్లో ఏమీ రాయలేదు. నర్సు దగ్గర ఉంది కావాలంటే.

నవంబరు 16, ఆదివారం

పక్కమంచం ఖాళీ. ఇద్దరమే ఉన్నాం. లెక్కపెట్టడానికి మణికట్టు పట్టుకున్నాను.

"తాత చెప్పాడా?" అన్నాడు.

"చెప్పాడు."

"ఎప్పుడు పోయాడు?"

"ఏడో తారీఖున, శుక్రవారం. గడ్డి వేస్తూ. బాధపడలేదట."

నేను ఏడవలేదు, ఆయనా ఏడవలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఒక్క మనిషి చెప్పే కబురు కాదది. నువ్వు మాత్రం ఏం చేస్తావు? పెద్దలు వచ్చి వినిపించేదాకా నాకేమీ తెలియదు. అలాగే ఉందాం."

"సరే."

గోడ వైపు చూస్తూ అన్నాడు: "ఏడు రొట్టెలు వేశావా?"

"ఏడు."

"ఎవరికి పెట్టావు?"

"మెట్ల మీద ఇళ్ళ వాళ్ళకి."

"వాళ్ళకి మా అన్నయ్య ఎవరో తెలుసా?"

మణికట్టు వదిలేశాను.

"ఒకటి నాది కాలియా. ఒక ముక్కైనా."

మట్టి వెయ్యడానికి ఆయన వెళ్ళలేకపోయేవాడు, గొట్టం ఉంది రొమ్ములో. అది నా తప్పు కాదు. రొట్టె ముక్క నా తప్పు. ఆస్పత్రికి రాకూడదని నేనే లెక్క చూసుకుని పంచేశాను.

115, 99.

నవంబరు 17, సోమవారం

106, 95.

నవంబరు 18, మంగళవారం

108, 96. గురువారం ఇంటికి పంపుతారట. లయ ఇంకా పూర్తిగా రాలేదు, మాత్రలతో ఆరు వారాల్లో కుదురుకోవచ్చట. రక్తం పలచబరిచే మాత్ర మాత్రం ఒక్క రోజూ మానకూడదు.

నవంబరు 19, బుధవారం

ఈసారి అడిగాను. "రేపు మా పెద్దలు వచ్చి ఆయనకి కబురు వినిపిస్తారు. ఆయన పెద్దగా ఏడుస్తారు. మాలో మగవాళ్ళు గొంతెత్తి ఏడవాలి."

గలీనా మత్వేవ్నా మందుల చీటీ ముందుకు లాక్కుంది. "దిండు ఇంటికి తీసుకెళ్ళు. గుండె మాత్ర వేశాక గంట ఆగి చెప్పమను. ముఖం పాలిపోయినా, మాట తడబడినా వెంటనే అంబులెన్స్."

చీటీ మీద రాసి సంతకం పెట్టింది: "వినిపించడం, మాత్ర తర్వాత 1 గంట." మందుల చీటీకి పిన్ను కొట్టింది.

నవంబరు 20, గురువారం

పొద్దున ఎనిమిదింటికే ఉల్జాన్ ఇంటికి వచ్చేశాం. తొమ్మిదిన్నరకి ఊరి నుంచి ఇద్దరు పెద్దలు వచ్చారు. ఒకాయన మా ఆయన చిన్నాన్న, ఎనభై ఒకటి. ఇంకొకాయన ఊరి పెద్ద. ఇద్దరూ తెల్ల టోపీలు తియ్యలేదు. గుమ్మంలోనే చిన్నాన్న నోరు తెరవబోయారు. నేను చీటీ చూపించాను.

"ఇదేమిటమ్మా?"

"పది గంటలకి మాత్ర, పదకొండుకి మీరు."

ఆయన చీటీని దూరంగా పట్టుకుని చదివారు. "చావు కబురుకి కూడా డాక్టరు చీటీనా!" అన్నారు. మళ్ళీ చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "సరే, టీ పొయ్యి."

పదింటికి మాత్ర వేశాను. ఆ గంటసేపు అందరం టీ తాగాం. ఆయన పలచటి టీ తాగాడు. కనుమ మీద మంచు గురించి మాట్లాడారు. ఎవరి దున్నకో కాలు విరిగిందట, దాని గురించి మాట్లాడారు. "బూడిదరంగు గుర్రం బాగుందా?" అని ఆయన అడిగాడు. "బాగుంది" అన్నారు చిన్నాన్న. ఎవరు చూస్తున్నారని ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఉల్జాన్ రెండుసార్లు లేచి లోపలికి వెళ్ళింది. అందరూ గోడ గడియారం వైపు చూడకుండా చూశారు.

11:04కి చిన్నాన్న కప్పు బోర్లించారు.

"మురాతలీ. ఇంటికి గాలి వచ్చే వైపు ఒక గోడ కడతారు. అది నిలబడ్డన్నాళ్ళూ వెనక గోడకి గాలంటే తెలియదు. ఆ ముందు గోడ పడిపోయింది, నాయనా. ఇక గాలి నీకు తగులుతుంది. నిలబడు."

నేను దిండు ఆయన రొమ్ముకి ఆనించాను. రెండు చేతులతో అదుముకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. "అన్నయ్యా! నా అన్నయ్యా! నా ముందు గోడా!" పై అంతస్తు వాళ్ళు తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. సగం ఊపిరితిత్తితో అంత గొంతు వస్తుందని నాకు తెలియదు. బావగారు ఉంటే ఏదో ఒక మాట అనేవారు.

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పధ్నాలుగు రోజులుగా లోపలున్న శోకం బయటికి వచ్చింది. ఏమేం మాటలు అన్నానో గుర్తులేదు. పేరు మాత్రం అనలేదు.

తర్వాత ముఖం కడుక్కుని లెక్కపెట్టాను. గుండె దగ్గర నేను, మణికట్టు దగ్గర ఉల్జాన్. 124, 103. ముఖం మామూలుగానే ఉంది. మాట తడబడలేదు. ఇరవై ఒకటి తేడా. రాసుకున్నాను.

మధ్యాహ్నం పిండి కలిపాను. గురువారం కదా. ఆయన వంటింటి స్టూలు మీద దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రొట్టె నూనెలో పడగానే నేను వెళ్ళి కిటికీ తెరిచాను.

"ఎందుకు తెరిచావు?"

"ఏమో, చెయ్యి వెళ్ళింది."

"మూసెయ్. ఇక్కడున్నవాళ్ళకీ కాస్త ఉండనీ."

మూశాను. మొదటి రొట్టె తీసి, పళ్ళెంలో కాదు, నేరుగా ఆయన చేతిలో పెట్టాను. కాలుతోందంటూ చేతులు మార్చుకుంటూ తిన్నాడు. మొత్తం తిన్నాడు.